ఆకులో సీసం

అక్కా,

చెల్లిని రాస్తున్నాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ బావగారూ బాగుండాలి. ఎప్పుడూ రాసే మాటలే అయినా ఈసారి ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దంతా పట్టింది. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో కోపమొచ్చి మడిచి పెట్టెయ్యకు, నీకు పుణ్యముంటుంది.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గింది. కాకపోతే సాయంత్రాలు గదికి రాగానే నువ్వు కాచే సబ్జా ఆకు కషాయం వాసన ఎక్కణ్ణుంచో వచ్చినట్టనిపించి, కాసేపు చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోతాను. ఇక్కడ వాసన వచ్చే వంటిల్లే లేదు, పక్క గదిలో టైపు మిషను బాగుచేసే ఆయన నూనె కంపు తప్ప.

ఉద్యోగం గురించి ఎన్నిసార్లు చెప్పినా నువ్వు "ఆకులు కాల్చి బూడిద లెక్కపెట్టే పని" అనే అంటావు. కాల్చం తల్లీ, ఆసిడ్‌లో కరిగిస్తాం. మందుమొక్కల వేరో, బెరడో, ఆకో సంచుల్లో వస్తుంది. కడిగి, ఆరబెట్టి, నూరి, కరిగించి, అందులో సీసం ఎంతుందో, రాగి, జింకు ఎంతున్నాయో మిషను చేత చెప్పిస్తాం. పది లక్షల పాళ్ళలో ఒక్క పాలున్నా పట్టేస్తుంది. అందుకే నా పక్క బల్ల ఆవిడ, మేమంతా అనుమానాలమ్మ అంటాం, చేతికి ఉంగరం ఉంటే లోపలికి రానివ్వదు. మొన్న నేను పౌడరు రాసుకెళ్తే "ముఖం కడుక్కుని రా, నీ సోకంతా నా ఆకులోకి దిగుతుంది" అని గుమ్మంలోంచే తరిమింది.

రెండోది మట్టి. నువ్వు పంపిన మట్టి పరీక్ష చేసి చూశాను. మడిలో మళ్ళీ ఏమైనా నాటొచ్చా అన్నావుగా, హాయిగా నాటొచ్చు. ఎక్కడా సీసం మోతాదు మించలేదు. నువ్వు సంతోషిస్తావు. నేను మాత్రం ఆ ఫలితం కాగితం పక్కన పోయినేడాది కాగితం పెట్టుకుని కూర్చున్నాను. మట్టి ఇంత శుభ్రంగా ఉంటే అప్పటి సబ్జా ఆకులో అంత సీసం ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకోసమని నువ్వు ఎండబెట్టి పంపిన ఆకే అది, వెన్నులతో సహా. ఊరికే ఉండలేక సగం నూరి పరీక్షకు పెట్టాను. ఉండాల్సిన దానికి నాలుగింతలు వచ్చింది. రోడ్డు పక్క మడి కదా, బండ్ల దుమ్మే అనుకుని వెంటనే నీకు ఫోను చేశాను. మొత్తం పీకెయ్యి, ఎవరికీ కషాయం ఇవ్వకు అన్నాను. నువ్వు ఒక్కటే అడిగావు. "అమ్మ చివరగా నాటిన మొక్కలే అవి. ఒక్కటైనా ఉంచుకోనా?" వద్దన్నాను. ఆ రోజు నా గొంతులో ఉన్న దర్జా గుర్తొస్తే ఇప్పుడు చచ్చిపోవాలనిపిస్తుంది.

నువ్వు వేళ్ళతో సహా పీకావు. రాలిన గింజ మొలిచినప్పుడల్లా వంగి ఏరి పారేశావు. కషాయం తీసుకెళ్ళిన ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పావు. ఎదురింటి కుట్టుపనావిడ "నా పిల్లకి ఇన్నాళ్ళూ విషం పోశావా?" అని నలుగురిలో అరిచిందట, ఇప్పటికీ నిన్ను చూస్తే తలుపు వేసుకుంటుందట. బావగారు చెప్పారు. నువ్వు నాకు చెప్పలేదు.

ఇక మూడోది. "అమ్మ ఇత్తడి రోలు ఇల్లంతా వెతికాను, నీకేమైనా తెలుసా?" అన్నావు. తెలుసక్కా. నా దగ్గరే ఉంది. బయల్దేరిన రోజు నువ్వు నాకు నీళ్ళ సీసా నింపుతుంటే చున్నీలో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాను. అడిగితే ఇచ్చేదానివే. అడగడానికి నోరు రాలేదు. వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అమ్మ దాన్ని అడ్డం పెట్టేది కదా. కాలితో జరిపినప్పుడు వచ్చే ఆ గరగర వింటే అమ్మ ఇంట్లోనే ఉన్నట్టుండేది. ఇక్కడ నా గది తలుపుకీ దాన్నే పెట్టుకున్నాను. రోజూ ఒకసారి ఊరికే జరుపుతాను.

ఆ ఆకు అందులోనే నూరాను.

ల్యాబులో సొంత ఆకు నూరనివ్వరు, ఇంట్లో నూరి తెచ్చుకోవాలి. నా గదిలో వేరే ఏముంది? పైగా అమ్మ ఆకు, అమ్మ రోలు అని మురిసిపోయాను కూడా. నీ మట్టి ఫలితం వచ్చాక అనుమానాలమ్మకు అంతా చెప్పి పాత కాగితం చూపించాను. ఆవిడ వేలు పెట్టి చూసి "సీసం ఒక్కటే చూసుకున్నావు. పక్కన రాగి, జింకు ఎలా పెరిగాయో చూడు. ఇది ఆకు కాదమ్మా, ఇత్తడి. దేంట్లో నూరావు?" అంది. ఇత్తడిలో కాస్త సీసం కలుపుతారని నాకు తెలియక కాదు. మిగిలిన సగం ఆకు నా సొరుగులోనే ఉంది. ఆవిడే దగ్గరుండి ల్యాబు రాతి కల్వంలో కాస్త నూరించింది. ఏమీ లేదక్కా. అమ్మ ఆకులో ఏమీ లేదు.

"అందులో ఆకు నూరకండే, రుచి చెడుతుంది" అని అమ్మ మనిద్దరికీ ఎన్నిసార్లు చెప్పిందో నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వైతే నూరేదానివి కాదు.

ఇది తెలిసి పన్నెండు రోజులైంది. ఫోను చేతిలోకి తీసుకోవడం, పెట్టెయ్యడం. నీ గొంతు వింటే నా నోట మాట రాదు, అందుకే రాస్తున్నాను. తప్పు నాది. ఆకుదీ కాదు, నీదీ కాదు. కొత్త ఫలితం కాగితం ఇందులో పెట్టాను. కుట్టుపనావిడకు వేరే ఉత్తరం రాశాను, తప్పు ఎవరిదో సంతకం పెట్టి మరీ. బావగారిని తీసుకెళ్ళి ఇవ్వమను. నువ్వు వెళ్ళకు, నువ్వు ఇప్పటికే చాలా గుమ్మాలు ఎక్కావు.

చిన్న పొట్లం చూశావా? జాగ్రత్తగా విప్పు, తుమ్మితే ఎగిరిపోతాయి. సొరుగులో మిగిలిన వెన్నుల్లోంచి రాల్చిన గింజలు. పది తడిగుడ్డలో వేసి చూస్తే ఏడు మొలిచాయి. మిగతావన్నీ నీకే. అమ్మ మడిలోనే చల్లు.

రోలు పోస్టులో పంపను. సెలవు అడిగాను, వచ్చే నెల ఇస్తారు, నేనే తెస్తాను. ఏమన్నా పడతాను. నువ్వు తలుపు తియ్యి చాలు. అది మళ్ళీ మూసుకోకుండా రోలు నేను అడ్డం పెడతాను.

ఇట్లు,
నీ చేత తిట్లు తినడానికి ఎదురుచూస్తున్న
చెల్లి