ఎర్ర బుడిపె ఉన్న పాత లాప్‌టాప్

ఆత్రేయపురం

ఏవండీ,

నమస్కారాలు. నా కోడిగీతలకూ తప్పులకూ నవ్వకండి. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇక్కడ అత్తయ్యగారు, మీ చెల్లెలు శ్రీదుర్గ, నేను కులాసాగానే ఉన్నాం. గుజరాత్‌లో మీ రొయ్యల చెరువుల దగ్గర ఫోను సరిగా అందదు. అందినా, అత్తయ్యగారి ముందు ఈ మాటలు నా నోట రావు. అందుకే రాస్తున్నాను.

అత్తయ్యగారి మోకాలి సంగతి అడిగారు. నొప్పి తగ్గింది, మొన్న సంతకు నడిచే వెళ్లొచ్చారు. మీరు పంపిన కొత్త లాప్‌టాప్ బాగుందా అని కూడా అడిగారు. చూడ్డానికి చాలా బాగుందండి. కానీ మీరు పట్టుకెళ్లిన పాతదానికి అక్షరాల మధ్య ఎర్ర బుడిపె, కింద నొక్కితే టక్కుమనే మీటలు ఉండేవి కదా. బుడిపెను ఎటు నెడితే తెర మీద బాణం అటు పోయేది. కొత్తదానికి అవేమీ లేవు. నున్నటి పలక ఒక్కటే. దాన్ని వేలితో నిమిరితే చాలట. నేనెంత నిమిరినా బాణం కదలదు.

"ఏంటొదినా, దాన్ని జోకొడుతున్నావా?" అని శ్రీదుర్గ ఒకటే నవ్వు. తను ముట్టుకుంటే బాణం పరుగెడుతుంది. "పోనీ మౌస్ కొనుక్కో" అంది. పొయ్యి దగ్గర లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటాను. ఒక పక్క పిండి గిన్నె, ఇంకో పక్క నెయ్యి. మౌస్ ఎక్కడ పెట్టను?

'నీకు రాకపోతే ఆర్డర్లు శ్రీదుర్గకు అప్పగించు, నువ్వు పూతరేకులు చేసుకో' అని రాశారు. అది చదివాక అన్నం సయించలేదండి. ఆర్డర్లకు నేను జవాబిస్తే భీమవరం వాళ్లూ బెంగుళూరు వాళ్లూ 'వెంకటదుర్గగారూ' అని రాస్తారు. నన్ను గారూ అనేది అక్కడొక్కచోటే. అది నా దగ్గర్నుంచి తీసేయకండి.

రాకపోవడం కాదండీ. కాలే కుండ మీంచి రేకులు తీసి తీసి నా వేలికొసలు కాయలు కాశాయి. ఆ పలకకు అవి వేళ్లని తెలియడం లేదు. నిన్న శ్రీదుర్గ నా చెయ్యి తిప్పి చూసి, నవ్వడం మానేసింది. మీరు చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నేను లాక్కునేది సిగ్గుతో అనుకుంటారు. సిగ్గు కాదు, ఈ గరుకు మీకు తెలుస్తుందని భయం. పెళ్లయిన దగ్గర్నుంచీ దాచాను.

కొత్తది మీరు వాడుకోండి. అక్కడ మీతో పనిచేసే పల్లంరాజు అన్నయ్య ఊరికి వచ్చేటప్పుడు పాతది ఇచ్చి పంపండి, కొత్తది ఆయన చేతికే ఇస్తాను.

ఇది చదవగానే కాల్చేయండి. మీ షెడ్డులో ఎవరి కంటైనా పడితే నేను తలెత్తుకోలేను. ఈసారి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకోండి. లాక్కోను.

ఇట్లు,
మీ ఇల్లాలు
వెంకటదుర్గ