రెండంగుళాలు కిందికి

3-6-55
సంజామల మలుపులో కారు ఒక పక్కకు లేచింది. రెండు చక్రాలు గాల్లో! మళ్ళా దబ్బుమని పడి నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్టీరింగ్ దగ్గర నేనే. వెనక సీట్లో మా అత్త ఓబులమ్మ పెట్టిన కేకకు చేన్లో గొర్రెలు చెదిరిపోయినాయి. పొద్దు గూకేసరికి కోయిలకుంట్లంతా ఒకటే మాట, ఆడమనిషి చేతికి కారిస్తే ఇంతే అని. మా ఆయన ఆ మాట అనలేదు. కారు అమ్ముతా అన్యాడు. రెండూ ఒకటే.

4-6-55
నా డ్రైవింగ్ తప్పు కాదు. కాదంటే కాదు.

6-6-55
మా మామ ఉన్నప్పుడు కొన్న కారు, 1934 మోడల్. ఈ పొద్దు చుట్టూ తిరిగి చూసినా. ఎత్తు శానా, వెడల్పు తక్కువ. కాళ్ళు దగ్గరగా పెట్టుకోని నిలబడిన మనిషిని తోస్తే పడడా? జట్కాల కింద బరువు మోసే కమాన్ పట్టీలు కట్టే గౌస్ పీర్‌ను పిలిపించి, చక్రాలు బయటికి జరపల్ల, కారు కిందికి దించల్ల అన్యా. ఆయప్ప నవ్వలేదు. చక్రం వెనక ఇనుప బిళ్ళ పెడితే వెడల్పవుతాది, కమాన్‌లో ఒక పట్టీ తీసేస్తే దిగుతాది అన్యాడు. ఈయన్ను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నెలాఖరు దాకా గడువంట. అప్పటికీ అత్త కారెక్కనంటే అమ్మేస్తాడంట.

14-6-55
కర్నూల్లో లేత్ మీద చేయించిన బిళ్ళలొచ్చినాయి. నా బొటనవేలంత మందం. వాటికి తగ్గట్టు పొడుగు బోల్టులు. పాత పొట్టివే బిగిస్తే చక్రం ఊడి మనకంటే ముందు పోతాదంట. నాలుగు చక్రాలకూ బిగించి, పట్టీలు తీసి, నేల మీదికి దించినంక చూస్తే... అబ్బా, ఏం నిలబడిందప్పా! కుస్తీకి దిగిన పహిల్వాన్ మాదిరి ఉండాది. వీధి వీధంతా వచ్చి చూస్తాండారు. నేను పనున్నట్టు బయటికీ లోపలికీ తిరిగినా.

సాయంత్రం
అందరం ఎక్కితే టైర్లు మడ్గార్డుకు రాసుకుంటాండాయి. బరబరా శబ్దం, రబ్బరు వాసన. ఈయన ముక్కు మూసుకున్యాడు.  తిట్టినా బాగుండు.

15-6-55
అర్థమైంది! మేము ఖాళీ కారును కొలిచినాం. మా ఇంట్లో కారు ఖాళీగా యాడికి పోతాది? పిల్లాజెల్లా అందరూ ఎక్కల్సిందే. మనుషులు కూచున్నప్పుడు సరిచేయల్ల అన్యా. గౌస్ పీర్ తల కొట్టుకున్యాడు. జట్కాకైతే అట్లే చేస్తా, కారనేసరికి మతి పోయిందమ్మా అన్యాడు. చెప్పింది మాత్రం నేనే.

అందరం ఎక్కినాం. అత్త రాననింది. సరే, ఆయమ్మ చోట్లో బరువుకు శనక్కాయల మూట పెట్టమన్యా. అంతే, అరుగు మీద నుంచి లేచొచ్చింది. నా బదులు మూటనా, ఒకటి సాలుతాదా ఇంకోటి తెస్తారా అని ఒకటే కేకలు. మూటను కిందికి తోసి తనే కూచునింది. గౌస్ పీర్ దిగమన్నప్పుడల్లా దిగినాం, ఎక్కమన్నప్పుడల్లా ఎక్కినాం. మూట మళ్ళా వస్తాదేమోనని అందరికంటే ముందు అత్తే ఎక్కుతాంది. పట్టీ తీసిన చోట్లో సన్న పట్టీ పెట్టి, మడ్గార్డు అంచు లోపలికి మడిచినాడు. మొదటి ఎత్తు కంటే రెండంగుళాలు దిగింది. రాసుకోలేదు. నాకు ఎగరాలనిపించింది.

ఇప్పుడు కారెక్కుతావా అత్తా అంటే, నిలబడిన కారు వేరే, పోయే కారు వేరే అనింది.

28-6-55
రేపు కొనేవాడు వస్తాడంట. అత్త కాళ్ళు పట్టుకోలేదు నేను. ఆయమ్మ చోట్లో మూట పెట్టుకోని సంజామల పోయొచ్చినా. అదే మలుపు, అదే స్పీడు. కారు నేలను ఇడిస్తే ఒట్టు. బజారంతా చూస్తాండగా ఇంటి ముందర ఆపినా. గర్వంగా ఉండాది, ఎందుకుండకూడదు?  అత్త మూట విప్పించి శనక్కాయలన్నీ వీధి పిల్లోళ్ళకు పంచేసింది.

29-6-55
కొనేవాడు అరుగు మీద ఉండంగనే అత్త వచ్చి కారెక్కింది. మలుపు దాటి వెనక్కి చూస్తే నోరు తెరుచుకోని నిద్రపోతాంది. లేపడమెందుకని జమ్మలమడుగు దాకా తోలినా.