భుజం మీది చెయ్యి

అక్కకి,

నమస్కారం చేసి నీ చెల్లెలు రాస్తున్నది. మేమంతా కులాసా. నీ మరిదికి దగ్గు తగ్గింది, సణుగుడు తగ్గలేదు. ఇల్లు మా అందరికంటే కులాసాగా ఉంది. నాన్న పోయాక మునిసిపాలిటీకి అప్పగించాం కదా, నాన్న పుస్తకం చదివినవాళ్ళు చూడ్డానికొస్తారని గోడలన్నిటికీ సున్నం వేయించారు. మేముండే వెనక గది మాత్రం అలాగే పెచ్చులూడుతోంది. చరిత్ర అక్కడిదాకా రాలేదట.

నువ్వడిగినవాటికి జవాబులు చెబుతాను. మండువాలో రాళ్ళు మార్చలేదు, అవే. నాలుగు చూరుల నీళ్ళూ ఇప్పటికీ అందులోకే దూకుతున్నాయి. నాన్న రాతబల్ల వసారాలో, మండువాకి ఎదురుగా, నువ్వెరిగిన చోటే ఉంది. చుట్టూ తాడు కట్టారు. మొన్న దుమ్ము తుడుద్దామని తాడు దాటితే కాపలావాడు "అమ్మా, ముట్టుకోకూడదు" అన్నాడు. పుట్టినింట్లో నాకా మాట!

ఇక వచ్చేవాళ్ళ సంగతి. అందరికీ నువ్వే కావాలి. నాన్న పుస్తకంలో వానలో చేతులు చాచిన ఆ పిల్ల ఎక్కడ నిలబడిందో అని మండువా అంతా వెతుకుతారు. మొన్న ఒక పంతులమ్మ బడిపిల్లల్ని వెంటేసుకొచ్చింది.

"పుస్తకంలో అమ్మాయి మీరేనాండీ?"

"కాదమ్మా, మా అక్క."

"అయ్యో! మరి మీరు ఎక్కడొస్తారు?"

"'లోపల చిన్నది ఏడుస్తోంది' అని ఒక్క ముక్క ఉంటుంది చూడు. ఆ ఏడుపు నేనే."

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది. అక్కా, దాపరికం ఎందుకు, నువ్వంటే నాకు కుళ్ళు. చిన్నప్పటినుంచీ కుళ్ళే. ఇంటిని కనిపెట్టుకుని ఉన్నది నేను. నాన్న కళ్ళు మసకబారాక ఆయన చెబుతుంటే రాసిపెట్టింది నేను. పేరేమో నీది. నువ్వు చేసిందల్లా ఒకరోజు వానలో తడవడం.

నీ ఉత్తరం చివర అడిగావు, "మండువాలో పెట్టే నా కంచుబొమ్మ ఎంతవరకూ వచ్చింది? నా పోలికలు వచ్చాయా? తెర తీసేది నేనే కదా, ముందే చెప్పు" అని. ఆ ఒక్కదానికి జవాబు రాయలేక రాసి చింపుతూ, చింపి రాస్తూ ఇన్నాళ్ళు ఆలస్యం చేశాను.

నీ పోలికలు రాలేదక్కా. నావి వచ్చాయి.

శిల్పి నీ చిన్నప్పటి ఫొటో అడిగాడు. నువ్వు పంపిస్తానంటే, ఇక్కడుందిలే అక్కర్లేదని రాశాను కదా. నా దగ్గర ఉన్నది ఒక్కటే. నాన్న రాసిన ఆ వాన వెలిశాక, ఆయన స్నేహితుడు మనిద్దరినీ మండువాలో నిలబెట్టి తీసింది. కత్తెర తీసుకుని నిన్ను కోసేశాను. మిగిలిన నన్ను శిల్పి చేతికిచ్చి, ఆ పిల్ల ఇదేనని చెప్పాను.

నిన్న మట్టిబొమ్మ తయారైంది, చూడమని పిలిస్తే వెళ్ళాను. అచ్చు నేనే. ఎంత సంబరపడ్డానో! అప్పుడాయన ఫొటో ముక్క తీసి, "అన్నీ కుదిరాయి గానీ, పాప భుజం మీద ఎవరిదో చెయ్యుందండీ. వదిలెయ్యనా?" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి భుజం మీదికే పోయింది. నిన్ను కోశాను గానీ నీ చెయ్యి నా దగ్గరే మిగిలిపోయింది.

"ఏడ్చి ఏడ్చి అప్పుడే ఊరుకున్న ముఖం ఇది. ఈ చెయ్యి లేకపోతే మళ్ళీ ఏడ్చేట్టుంది" అన్నాడాయన.

నీకు గుర్తుందా? ఆరోజు జలుబని నన్ను గదిలో పడుకోబెట్టారు. నేను ఏడుస్తున్నాను. వసారాలో ఉన్న నాన్న ఆ ఏడుపు విన్నారు, రాసుకున్నారు, లేవలేదు. తడిబట్టలతో లోపలికొచ్చి, నన్ను దుప్పట్లోంచి లాగి వానలోకి తీసుకెళ్ళింది నువ్వు. ఆ ముక్క పుస్తకంలో లేదు. ఇన్నాళ్ళూ నీ మీద పడ్డ కుళ్ళులో సగం నాన్న మీద పడాల్సింది.

"చెయ్యి ఉండనివ్వండి" అన్నాను.

"చెయ్యుంటే మనిషీ ఉండాలి కదండీ?"

"ఉంది. వస్తుంది."

కోసిన నీ ముక్క ఈ కవర్లోనే పెట్టాను. కంచు పోత పోసేలోగా వచ్చి నువ్వే ఆయనకియ్యి. నా చేత్తో ఇవ్వడానికి ఇప్పటికీ మనసొప్పడం లేదు. బొమ్మలో నువ్వు నాకంటే పొడుగ్గా ఉంటావు, తప్పదు. వానకి ఎదురుగా, నీ ముందు మాత్రం నేనే నిలబడతాను.

ఇట్లు,
కుళ్ళు ఇంకా తగ్గని
నీ చెల్లెలు