చప్పిడి కూర బంతి

ఆదివారం, రాత్రి

భోజనాల మధ్యలో విస్తరి ముందు నుంచి నేను లేచి వెళ్లడాన్ని అమ్మ ఇంకా అలకే అనుకుంటోంది. "సదువుకున్నదానివి, తాత సంవత్సరీకం నాడు ఏటే ఈ యేసాలు?" అంది అందరి ముందూ.

తాతయ్య సర్పంచ్‌గా ఉన్నప్పుడూ, దిగిపోయాకా, మా ఇంట్లో ఏ భోజనాలకైనా ముందు పొయ్యెక్కేది ఉప్పులేని చప్పిడి కూరే. డయాలసిస్‌కి పలాస వెళ్లొచ్చే మా ఊరివాళ్ల కోసం. నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆయనా వాళ్ల బంతిలోనే అదే తినేవారు. ఆయన పెద్దకర్మ అయ్యాక మా ఇంట్లో ఇవే మొదటి భోజనాలు. ఆ కూర ఎవరికీ గుర్తు లేదు.

డయాలసిస్‌కి వెళ్లే సింహాచలం మావ విస్తరిలో ఉత్త అన్నమే ఉంది. అడిగితే నవ్వేశాడు. "పర్లేదమ్మా, ఆ కూర మీ తాతతోనే ఎలిపోనాది."

అందుకే లేచి పొయ్యి దగ్గరకి వెళ్లాను. ఉప్పు వెయ్యని ఆనపకాయ కూర ఉడికేదాకా ఆ బంతిలో ఒక్కరూ కదల్లేదు. వడ్డించి నేనూ అక్కడే కూర్చుంటే నాయనమ్మ వచ్చి పక్కన చేరింది.

"మీ తాత వండితే పోపు మాడిపోయీది. నువ్వే నయమే," అంది. మావకి నవ్వుతో పొలమారింది.

నాకు విశాఖలో ఉద్యోగం వస్తే ఆ తర్వాత ఈ కూర సంగతి ఎవరు చూస్తారో...

ఉద్యోగం ఎక్కడొచ్చినా, ఈ ఇంట్లో విస్తళ్లు వేసే రోజు వస్తాను. చప్పిడి కూర నేనే వండుతాను.