చదవకుండా పెట్టిన ఆమెన్

కువైట్,
శుక్రవారం మధ్యాహ్నం.

ప్రియమైన మార్తక్కకి,

ప్రభువు పేరట వందనాలు చెప్పి నీ చెల్లెలు రూతు రాసుకునేది. నేను బాగున్నాను. ఫోన్లో అడిగినప్పుడల్లా చెప్పే బాగు కాదు, నిజంగానే బాగున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఎండలో తిరిగితే మన పిల్ల స్నేహకి వచ్చే తలనొప్పి తగ్గిందా? మీ అత్తమ్మగారికి కంటి ఆపరేషన్ చేయించారా, లేకపోతే సంఘపెద్ద గారికి ఇంకా తీరిక దొరకలేదా? సంఘపెద్ద అంటే ఎవరో నీకు చెప్పక్కర్లేదు. నీ మొగుడే.

ఫోను ఉండగా ఈ కాగితం ఏంటి అనుకుంటున్నావు కదా. నేను పనిచేసే ఇంట్లో కారు నడిపే మస్తాన్ అన్న సెలవు మీద చెరుకుపల్లి వస్తున్నాడు. రేపల్లె ఎంత దూరం, నేనే వెళ్లి మీ అక్కకి ఇస్తానమ్మా అన్నాడు. నీ చేతికే ఇవ్వమన్నాను. నీ ఫోను మోగితే చాలు, ఎవరు, ఏమన్నారు అని బావ ఆరా తీస్తాడని నాకు తెలుసు. పైగా కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది. రాసి, పంపి, తర్వాత తుడిచేసి, అబ్బే నేనేమీ అనలేదే అని మొహం పెట్టే విద్య నాకు రాదు. అది మీ ఇంట్లో వాళ్ళకే ఉండనివ్వు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మన ఎండలు చెమట పట్టిస్తాయి, ఇక్కడివి ఆ చెమటని కూడా ఉండనివ్వవు. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఏసీ హోరు. పనికి లోటు లేదు. ఈ ఇంటి పెద్దావిడని లేపి, స్నానం చేయించి, జుట్టు దువ్వి, టీ ఇచ్చి, వంటలోకి వెళ్తాను. ఆవిడకి నా చేతి పప్పు అలవాటైంది, కారం మాత్రం వేయనివ్వదు. కారం లేని పప్పు వండి వండి నా నాలుక చచ్చిపోయింది. గోంగూర పచ్చడి, దుగ్గిరాల పసుపు కొంచెం నా కోసం తీసి ఉంచు. ఇక్కడ కొట్లో దొరికే పసుపు పేరుకే పసుపు. శుక్రవారం చర్చికి వెళ్ళొచ్చాక మాత్రం గదిలో ఏమీ తోచదు. ఇవాళ ఆ తోచకపోవడం లేదులే, చేతినిండా కోపం ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మన కుటుంబ ప్రార్థన గ్రూపు ఉంది కదా, బావ రోజూ పొద్దున్నే వాక్యం పెట్టేది. ఆయన ఏది రాసినా 'దేవునికి స్తోత్రం' అనే మొదలుపెడతాడు. పాలవాడికి రాసినా అంతే. ఆ రెండు ముక్కలు కనపడగానే మనందరం ఆమెన్ కొట్టేస్తాం. ఎవరూ చదవరు. చదవరని నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఒక్క రోజు ఆమెన్ పెట్టకపోతే సాయంత్రానికి బావ నుంచి వేరే మెసేజ్ వస్తుంది, 'చెల్లెమ్మా, ఇవాళ నీ ఆమెన్ కనపడలేదు, ఆత్మలో చల్లబడుతున్నావా' అని. హాజరు పట్టీ అనుకున్నాడు మహానుభావుడు.

పోయిన వారం కూడా అలాగే వచ్చింది. పొయ్యి మీద టీ పొంగుతోంది. ఫోను మోగింది. 'దేవునికి స్తోత్రం' అని కనపడింది. ఆమెన్ కొట్టేసి పొయ్యి కట్టేశాను. పెద్దావిడకి టీ ఇచ్చి వచ్చి కూర్చుని చూస్తే నా కింద మరో ఐదారు ఆమెన్లు వచ్చేశాయి. సరే, ఇవాళ ఏ వాక్యమో చూద్దామని పైకి జరిపి చదివాను.

అది వాక్యం కాదక్కా. బాపట్లలో ఉన్న వాళ్ళ తమ్ముడు ప్రసాద్‌కి రాసుకున్నది, గ్రూపులో పడేశాడు. నువ్వు మర్చిపోయానంటావేమో, అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'దేవునికి స్తోత్రం. తమ్ముడూ, స్నేహ పెళ్ళి ప్రధానం మనం అనుకున్న రోజే, ఈస్టర్ మర్నాడు. కువైట్ రూతుకి మాత్రం చెప్పొద్దు, తేదీ ఇంకా కుదరలేదందాం. పెళ్ళికొడుకు వాళ్ళది టీచర్ల కుటుంబం. పిల్ల పిన్ని అక్కడ ఆసుపత్రిలో నర్సు అని చెప్పి ఉన్నాం. ఆమె వచ్చి నోరు తెరిచిందంటే, ఇంట్లో పాచిపని అని తెలిసిపోతుంది. మన మర్యాద దక్కదు. అంతా దేవుని చిత్తం.'

దీనికి నేను ఆమెన్ అన్నాను. నన్ను నా స్నేహ ప్రధానానికి రానివ్వొద్దన్న మాటకి అందరికంటే ముందు ఆమెన్ అన్నది నేనే. చదివాక నవ్వొచ్చింది. ఆ నవ్వు అయిపోయాక వంటగదిలో అలాగే కూర్చుండిపోయాను. పెద్దావిడ పిలుస్తున్నా లేవలేదు.

నర్సునట నేను. సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోతానని నీకు తెలియదా? కొలకలూరులో చిన్నప్పుడు సూది వేసేవాళ్ళు వస్తే గడ్డివాము వెనక దాక్కున్న నన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చింది నువ్వే కదా. నేను వండుతాను, కడుగుతాను, నడవలేని ముసలామెని నడిపిస్తాను. అందులో దాచుకోవలసింది నాకేమీ కనపడలేదు. నేను పంపిన మిక్సీ మీ వంటింట్లో ఉండొచ్చు, నేను పంపిన దుప్పటి మీ మంచం మీద ఉండొచ్చు. నేను మాత్రం మీ గుమ్మంలో ఉండకూడదు. బాగుంది మర్యాద.

అసలు తమాషా ఆ తర్వాతే. మధ్యాహ్నానికి నాకు విడిగా బావ మెసేజ్. 'దేవునికి స్తోత్రం. చెల్లెమ్మా, పొద్దున గ్రూపులో పొరపాటున ఏదో వెళ్ళింది. వెంటనే తీసేశాను. నువ్వేమైనా చూశావా?' గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు. 'ఏ మెసేజ్ బావగారూ, నేను ఆమెన్ పెట్టాను కదా' అన్నాను. 'ఏమీ లేదులే, వేరే సంఘం వాళ్ళ వాక్యం' అన్నాడు. నోరు తెరిస్తే పరువు పోతుందన్నది నాది కదూ. ఆయన నోరు చూడు.

తీసేశానన్నాడే అని గ్రూపు తెరిచి చూస్తే, మెసేజ్ ఎక్కడికీ పోలేదు, దర్జాగా అక్కడే ఉంది. నా ఫోనులోనే ఏదో తేడా ఉందేమో అనుకున్నాను. కూరగాయలకి వెళ్ళినప్పుడు కారులో మస్తాన్ అన్నకి చూపించాను. ఆయన కారు పక్కకి ఆపి చదివాడు. తర్వాత అడిగాడు.

"తీసేశానని ఆయనే చెప్పాడా అమ్మా?"

"అవునన్నా, రాసి మరీ చెప్పాడు."

"అయితే తప్పు దాని మీద నొక్కాడు. అందరికీ తీసెయ్యమంటావా, నీ ఒక్కడికే తీసెయ్యమంటావా అని అడుగుతుందమ్మా ఫోను. కంగారులో రెండోది నొక్కి ఉంటాడు. ఆయన ఫోన్లో పోయింది. లోకంలో అందరి ఫోన్లలో ఉంది."

"మరి ఇప్పుడైనా అందరి ఫోన్లలో తీసెయ్యలేడా?"

"కనపడని దాన్ని ఎక్కడని నొక్కుతాడమ్మా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం నేను ఎన్నోసార్లు విన్నాను. చూడటం ఇదే మొదటిసారి. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వాక్యం పెట్టాడు, 'నాలుకను కాచుకొనుము' అని. ఆయన పెట్టిన ఆ వాక్యం పైనే ఆయన నాలుక అందరికీ కనపడుతోంది, ఆయనకి తప్ప. చెప్పే దమ్ము ఎవరికీ లేదు. ఆ మొదటి మెసేజ్‌ని పాస్టరు గారి భార్య చూసింది, దాని కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకుంది. దుగ్గిరాల పెద్దమ్మ 'ఆమెన్, ప్రభువు మీ ఇంటిని దీవించుగాక' అంది. ప్రసాద్ సంగతి చూడు, ఎవరికోసం రాశాడో ఆ ప్రసాదే, 'ఆమెన్ అన్నయ్యా, మంచి వాక్యం' అన్నాడు. వీళ్ళు రేపు పెళ్ళి పుస్తకంలో సంతకాలు పెట్టే పెద్దమనుషులు. వీళ్ళ మీద నాకు కోపం కూడా రావడం లేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషికి ఎంతో కొంత విలువ ఇవ్వాలి కదా.

ఇంతవరకూ బావ సంగతి. ఇక నీ సంగతి.

ఆ రోజు పొద్దున నీ ఆమెన్ కూడా వచ్చింది. నా తర్వాత రెండోదో మూడోదో, నా కళ్ళతో చూశాను. చదవకుండానే పెట్టి ఉంటావు, నాలాగే. అది నేను తప్పు పట్టను. కానీ సాయంత్రం చూసేసరికి నీ పేరు కింద 'ఈ మెసేజ్ తీసివేయబడింది' అని ఉంది. ప్రసాద్ ఆమెన్ ఉంది. పెద్దమ్మ ఆమెన్ ఉంది. నా ఆమెన్ ఉంది. నీదొక్కటే లేదు. నువ్వు సరైన దాని మీదే నొక్కావు, ఆ తెలివి నీకు మొదటినుంచీ ఉంది.

అంటే చదివావన్నమాట. మొత్తం గ్రూపులో చదివి సిగ్గుపడింది నువ్వొక్కదానివే. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇవాళో రేపో ఫోను చేస్తావు, 'ఒసే రూతూ, ఆయన మాటలు పట్టించుకోకు, నువ్వు రా' అంటావు అని ఎదురుచూశాను. మొన్న చేశావు. మోకాలి నొప్పి చెప్పావు, గేదె ఈనింది చెప్పావు. 'స్నేహ ప్రధానం ఎప్పుడక్కా' అని నేనే అడిగాను. 'ఇంకా తేదీ కుదరలేదే' అన్నావు.

బావ అబద్ధం నాకు లెక్కలేదు. ఆయన సంగతి సున్నం కొట్టిన గోడలా ఎప్పుడూ కనపడుతూనే ఉంటుంది. నీ అబద్ధం మాత్రం నాకు అన్నం సహించకుండా చేసింది. నీకు కామెర్లు వచ్చి మంచాన పడితే స్నేహని చంకన వేసుకుని తిరిగింది నేను. అది మొదట అమ్మా అన్నది నన్ను. ప్రధానం రోజు జడ పిన్నే వేయాలని అది చిన్నప్పుడే నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట తప్పించడానికి నువ్వెవరు, ఆయనెవరు? ఆమెన్ తుడుచుకుంటే చేతులు కడుక్కున్నట్టు కాదక్కా. తుడిచిన చోట తుడిచినట్టు కనపడుతూనే ఉంది.

అందుకని చెబుతున్నాను, నేను వస్తున్నాను. పెద్దావిడ సెలవు ఇచ్చింది, వెళ్ళి మీ పిల్లకి నా దీవెనలు చెప్పు అంది. నా పని చూసి సిగ్గుపడేది మీరే, చేయించుకునే ఆవిడ కాదు. ముందు రోజుకి తెనాలిలో దిగి, మధ్యాహ్నం బండికి రేపల్లె వస్తాను. స్టేషనుకి ఎవరూ రానక్కర్లేదు, దారి నాకు తెలుసు. నేను వస్తున్నట్టు బావకి చెబుతావో చెప్పవో నీ ఇష్టం. మెసేజ్ ఇంకా అక్కడే ఉందని మాత్రం నేను చెప్పను. ఆ సంతోషం ఆయనకి ఎన్నాళ్ళు ఉంటే అన్నాళ్ళు ఉండనివ్వు.

అత్తమ్మగారికి నా వందనాలు. దుగ్గిరాల పెద్దమ్మకి కూడా, చదవకపోయినా దీవించింది కదా. స్నేహకి ముద్దులు. జడకి మల్లెలు ముందే చెప్పి ఉంచమను, ఆఖరి నిమిషంలో వాడిపోయినవి అంటగడతారు. ఆరోగ్యం జాగ్రత్త, ఆ మోకాలితో మెట్లు ఎక్కొద్దు. నా కోసం ప్రార్థన చెయ్యి. గ్రూపులో కాదు, మోకాళ్ళు నొప్పి అయితే కుర్చీలో కూర్చునే చెయ్యి.

ఒక్కటే అడుగుతాను. ప్రధానం రోజు పెళ్ళికొడుకు తల్లి నన్ను చూసి, 'ఈవిడెవరండీ' అంటుంది. నేను నోరు తెరవను. బావకి భయం నా నోటితోనే కదా, మూసుకునే ఉంటాను. నీ వంక చూస్తాను. నువ్వే చెప్పాలి, బావ పక్కన నిలబడి ఉండగా. నర్సు అన్నావంటే, పిల్ల జడ అల్లేసి, ఎంగిలిపడకుండా అదే బండికి వెనక్కి వెళ్ళిపోతాను, మళ్ళీ రాను. 'మా చెల్లెలండీ, కువైట్లో ఒక పెద్దావిడ ఇంట్లో వంట చేస్తుంది' అన్నావనుకో, అందరిలో గట్టిగా ఆమెన్ అంటాను. ఈసారి విన్నాకే అంటాను.

నీ దీవెన కోసం చూసే నీ తోడబుట్టింది,
రూతు