ప్రేమ సైకిలు చక్రాలు

హోసూరు, 2-10-2006. పొద్దున తుంపర. నీళ్ల తొట్టి కడిగాను.

తమ్ముడు వరదప్పకు,

మా ప్రేమ గేరు సైకిలుకు డిస్కౌంటులో వేయించిన చక్రాలు గట్టివేనా, మన ఐశ్వర్యకూ కొనవచ్చా అని అడిగావు. కొనుక్కో. తళి రాళ్లదారిలో రెండేళ్లు తొక్కినా రిమ్ము వంగలేదు, ఒక్క స్పోకూ విరగలేదు. కామెర్లతో బిడ్డ పోయింది గానీ, చక్రాలు కొత్తవాటిలాగే ఉన్నాయి.

మైల ఏడాది కనుక నిన్న ఆయుధపూజ వద్దన్నాను. మీ వదిన వినలేదు. "బండికేం మైల? బిడ్డ యాడికన్నా పోవాల్నంటే?" అని చక్రాలకు కుంకుమ పెట్టింది. నేనే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. ఏటా సైకిలెక్కి దాన్ని నలిపేది ప్రేమే. మా ఇద్దరికీ సైకిలు కదపడానికి చెయ్యి రాలేదు. ఈ పొద్దున ఆ నిమ్మకాయ తీసి, నలగనిది నలగనట్టే జేబులో వేసుకున్నాను.