మగ్గం తీసేసిన పాటలు

ఒరే చంద్రా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. దొడ్డబళ్ళాపురంలో నేను మగ్గం మీద చీర నేస్తుంటే, పక్కన కూర్చుని పాత ఫోన్‌లో నీ పాటలు రికార్డు చేసుకునేవాడివి. "మగ్గం నిలపద్దక్కా, నిలిపితే నాకు పాట రాదు" అనేవాడివి. బెంగళూరులో నీ పాటలు మెచ్చుకున్నవాళ్ళకు మాత్రం, గదిలో ఒక్కడినే కూర్చుని పాడానని చెప్పుకున్నావు. సిగ్గులేనివాడా!

నిన్న బొమ్మనహళ్ళి నుంచి నీ స్నేహితుడు ఆ పాటలు తెచ్చాడు. "వెనకాల గలాటె అంతా తీసేసినామక్కా. ఇప్పుడు నీటుగా ఉండాది, విడుదల చేస్తాము" అన్నాడు.

గలాటె అన్నది నా మగ్గాన్ని.

మగ్గం ఆపి విన్నాను. ఆ చప్పుడు పోయేసరికి ప్రతి చరణంలోనూ నీ తాళం తప్పుతోంది.

ఒక్కడినే పాడానన్నావుగా, అలాగే విడుదల చెయ్యమన్నాను.

అక్క